తంతి నుంచి తెర దాకా: గోదావరి డెల్టాలో సమాచారం ఎవరి సొత్తు?

పేద దేశాల బీదరికానికి మూలం సమాచార లేమి అనీ, కంప్యూటరూ సెల్‌ఫోనూ పల్లెకు చేరితే అభివృద్ధి దానంతటదే వెంట నడిచి వస్తుందనీ మూడు దశాబ్దాలుగా వింటున్నాం. ప్రపంచబ్యాంకు నివేదికల మొదలు జిల్లా అధికారుల ఉపన్యాసాల దాకా ఈ మాట వినిపించని చోటు లేదు. 2003లో జెనీవాలోనూ, 2005లో ట్యూనిస్‌లోనూ ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన ఈ విషయం మీదనే శిఖరాగ్ర సభలు జరిగాయి. ఇది ఇంజనీర్లూ అధికారులూ చూసుకోవలసిన వ్యవహారం గదా, సాహిత్య పత్రికలో దీని ప్రసక్తి ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ఎవరు మాట్లాడాలి, ఎవరు వినాలి, ఎవరి పేరు పుస్తకానికెక్కాలి, ఎవరిది ఎక్కకూడదు అన్నవి మొదటినుంచీ సాహిత్యం అడుగుతూ వచ్చిన ప్రశ్నలే. అవే ప్రశ్నలు ఇవాళ యంత్రం రూపంలో మన గుమ్మంలోకి వచ్చాయి. కనుక రచయితలు వీటిని తప్పించుకోలేరని నా అభిప్రాయం.

గోదావరి డెల్టాలో పుట్టి, ఇక్కడి పిల్లలకే తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ని గనుక నా పరిశీలనను ప్రధానంగా ఈ నేలకే పరిమితం చేసుకుంటున్నాను. అవసరమైన చోట బయటి ప్రపంచం వైపు చూస్తాను. ఇక్కడికి తంతి వచ్చింది, అచ్చు వచ్చింది, రేడియో వచ్చింది, కంప్యూటరు వచ్చింది. వీటిని వరసగా నిలబెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టపడుతుంది. సాధనం మారిన ప్రతిసారీ కబురు వేగం పెరిగింది. కాని పైనుంచి కిందికి ఆజ్ఞ, కిందినుంచి పైకి అర్జీ అనే పద్ధతి మాత్రం అంత తేలిగ్గా మారలేదు. అది మారిన అరుదైన ఘట్టాల్లోనే సమాచారం పేదవాడికి బలమయింది.

1. కవిలెకట్ట, కాలవ, తంతి

యంత్రాలు రాకముందు ఊళ్లో సమాచారమే లేదనుకోరాదు. అది కరణంగారి కవిలెకట్టలో భద్రంగా ఉండేది. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎంత మాగాణి, ఎంత మెట్ట, శిస్తు ఎంత, బకాయి ఎంత అన్నది ఆయనకే తెలుసు. అడంగల్ రాసే చెయ్యి ఆయనది. చదువురాని రైతు తన పొలం సంగతి తానే మరొకరిని అడిగి తెలుసుకోవలసి వచ్చేది. మన కథల్లో, నాటకాల్లో కరణం అంత తరచుగా ప్రతినాయకుడై కనిపించడానికి వ్యక్తుల దుర్మార్గమే కారణమనుకుంటే విషయం సగమే అర్థమవుతుంది. ఊరి సమాచారమంతా ఒక్క ఇంట్లో పోగుపడి ఉండటం అసలు కారణం. 1984 ఆరంభంలో రాష్ట్ర ప్రభుత్వం ఈ వంశపారంపర్య ఉద్యోగాలను రద్దు చేసింది. వంశం పోయింది. పద్దు మీద ఒక్కరి అజమాయిషీ పోయిందా అన్నది ముందు ముందు చూద్దాం.

1847లో ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యాన ఆనకట్ట పని మొదలయి 1852 నాటికి పూర్తయింది. కరువునేల అన్నపూర్ణ అయిందని పిల్లలకు చెబుతాం. అది నిజమే. అయితే నీటితో పాటు కాగితమూ పెరిగింది. ఏ చేను ఏ కాలవ కిందికి వస్తుంది, దానికి నీటితీరువా ఎంత అని రాసుకోవలసిన అవసరం సర్కారుకు వచ్చింది. సర్కారుకు రైతు గురించి చాలా తెలిసింది. సర్కారు గురించి రైతుకు తెలిసింది స్వల్పం.

1855లో మన దేశంలో తంతి సౌకర్యాన్ని ప్రజలకు తెరిచారు. ఆ ప్రజలెవరు? డబ్బు చెల్లించి కబురు పంపగలిగిన వ్యాపారి, ప్లీడరు, అధికారి. 1857 తిరుగుబాటును అణచడంలో తంతి తమకెంత ఉపకరించిందో ఆంగ్లేయ అధికారులే గొప్పగా చెప్పుకున్నారు. పల్లెలో మాత్రం తంతి వచ్చిందంటే కాగితం విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. చావుకబురుకు తప్ప మరో కబురుకు అంత ఖర్చు ఎవరు పెడతారు? 2013 జూలైలో ఆ సేవ నిలిచిపోయేదాకా మా వైపు ముసలివాళ్ల మనస్సులో ఆ మాటకు అదే అర్థం.

ఇదే కాలంలో రాజమండ్రి కేంద్రంగా భిన్నమైన సంఘటన ఒకటి జరిగింది. 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పత్రిక స్థాపించారు. తెలుగు గద్యానికి ఆ పత్రిక చేసిన మేలు గురించి మన విమర్శకులు చాలా రాశారు. సమాచార చరిత్ర దృష్ట్యా దాని విశిష్టత మరొకటి. లంచాలు తినే ఉద్యోగుల గుట్టును అది రచ్చకెక్కించింది. అంతవరకు అధికారి జనం గురించి రాసేవాడు. ఇప్పుడు జనంలోని ఒకడు అధికారి గురించి రాసి, అచ్చు వేసి, పదిమందికీ పంచాడు. అచ్చుయంత్రాలు సర్కారు దగ్గరా ఉన్నాయి. అదే యంత్రం ఇక్కడ మరో దిక్కుకు తిరిగింది. డెల్టా చరిత్రలో సమాచారం కిందినుంచి పైకి ప్రశ్నగా వెళ్లిన తొలి ఘట్టాల్లో ఇదొకటని నేను భావిస్తున్నాను.

2. రేడియో విన్నవాళ్లు, పండించినవాళ్లు

1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలయింది. పంచాయతీ రేడియో ముందు సాయంత్రం పూట గుమిగూడి వ్యవసాయదారుల కార్యక్రమం వినడం ఆ తరం పల్లె జీవితంలో భాగమైపోయింది. 1956లో పూనా ప్రాంతపు గ్రామాల్లో యునెస్కో తోడ్పాటుతో ఒక ప్రయోగం జరిగింది. రైతులు గుంపుగా కూర్చుని రేడియో విని, విన్నదాన్ని చర్చించి, తమ సందేహాలను తిరిగి రేడియోకు రాసి పంపేవారు. వినడంతో పాటు అడగడం కూడా ఉన్నందువల్లనే ఆ ప్రయోగం ఫలించింది. దాన్ని దేశమంతటికీ విస్తరించాక క్రమేణా చర్చ సన్నగిల్లి వినికిడి మాత్రమే మిగిలింది.

దేశంలో సాంద్ర వ్యవసాయ పథకానికి మొట్టమొదట ఎంపికైన ఏడు జిల్లాల్లో పశ్చిమగోదావరి ఒకటి. అది 1960-61 నాటి మాట. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 వరి పండించి దేశం దృష్టిని ఆకర్షించారు. సమయానికి అందిన కబురుతో రైతు ఎంత సాధించగలడో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని అదే రేడియోలో అదే మాట విన్న పాలేరు ఏం చేయగలడు? కొత్త విత్తనానికి ఎరువు కావాలి, ఎరువుకు అప్పు కావాలి, అప్పుకు పొలం కాగితం కావాలి. కబురు ఇద్దరికీ ఒక్కలాగే వినిపించింది. పంట ఒక్కడికే పండింది.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ పెట్టెలు వచ్చాయి. పేద దేశాల్లో సమాచార సాధనాల వినియోగం గురించి మాట్లాడే ప్రతివారూ ఈ ప్రయోగాన్ని ఉదాహరిస్తారు. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించి పల్లె ప్రజలు తెర మీద చూశారు. అయితే ఆ ఉపగ్రహం అమెరికాది. ఏడాది గడువు తీరగానే దాన్ని వెనక్కి మళ్లించారు. సాధనం ఎవరిదైతే గడువు కూడా వారిదే అన్న పాఠం ఆ పల్లెలకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. 1983లో ఇన్సాట్-1బి వచ్చేదాకా మనకు సొంతంగా అలాంటి ఏర్పాటు లేకపోయింది.

ఈ పాఠాన్ని ప్రపంచస్థాయిలో చర్చించింది యునెస్కో నియమించిన మెక్‌బ్రైడ్ సంఘం. 1980లో వెలువడిన ఆ నివేదిక ధనిక దేశాలు చెబుతుంటే పేద దేశాలు వింటూ కూర్చునే స్థితి మారాలన్నది. ఆ సంఘంలో మన దేశం నుంచి బి.జి. వర్ఘీస్ సభ్యులు. కొలంబియా నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ కూడా సభ్యుడే. సమాచార సాధనాల మీద చర్చకు ఒక నవలాకారుణ్ని పిలవడం ఆనాడు వింత కాలేదు. ఈ వాదం పెరగడం కూడా ఒక కారణమై 1984 చివర అమెరికా, 1985 చివర బ్రిటన్ యునెస్కో నుంచి తప్పుకున్నాయి. తరవాతి రోజుల్లో ‘ఎవరు మాట్లాడతారు’ అన్న ప్రశ్న వెనక్కి పోయి, ‘ఎన్ని పల్లెలకు తీగ చేరింది’ అన్న లెక్క ముందుకొచ్చింది.

3. గాలివాన కబురు

సాంకేతిక విజ్ఞానం పేదవాడికి అక్కరకు రాదని తేల్చేయడం కూడా సత్యదూరం. తీరంలో బతికే మనకు ఆ సంగతి ప్రాణాల మీదకు వచ్చి తెలిసింది. 1977 నవంబరు 19న కృష్ణా డెల్టాలోని దివిసీమను ఉప్పెన ముంచెత్తిన గాలివానలో సుమారు పదివేలమంది చనిపోయారు. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడ్డ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. సముద్రం మీదికి వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు కూకటివేళ్లతో కూలాయి. వేటలో ఉన్న పడవకు కబురు అందడమంటే ఏమిటో ఆ రోజు తెలిసినంతగా మరెన్నడూ తెలియలేదు.

ఆ తరవాతి కాలంలో రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు, సెల్‌ఫోన్లు వచ్చి, హెచ్చరిక రోజుల ముందే తీరానికి చేరుతున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ధ్వంసం చేసినా ప్రాణనష్టం పాతకాలపు స్థాయిలో లేదు. ఇది సాంకేతిక విజ్ఞానం సాధించిన విజయమే. అయితే హెచ్చరికకు తోడు తుపాను షెల్టరు కట్టారు, రోడ్డు వేశారు, బస్సు పంపారు, అన్నం వండిపెట్టారు. పాకలో ఉన్నవాడికి ‘గాలివాన వస్తుంది’ అన్న కబురొక్కటే అందితే వాడు చేయగలిగింది భయపడటమే. వెళ్లడానికి చోటున్నప్పుడే హెచ్చరికకు అర్థం. ఈ సూత్రాన్ని తుపాను విషయంలో అందరూ ఒప్పుకుంటారు. కంప్యూటరు విషయంలో మాత్రం మరిచిపోతారు.

4. కంప్యూటరు గుమ్మంలో

1998 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు ప్రతి దస్తావేజునూ గుమాస్తా పెద్ద పుస్తకంలోకి చేత్తో ఎక్కించేవాడు. ఈసీ కావాలంటే రోజుల తరబడి తిరగాలి. కంప్యూటరు ఆ పనిని నిమిషాల్లోకి తెచ్చింది. భూమి కొనేవారికీ అమ్మేవారికీ ఇది గొప్ప సదుపాయం. ఆఫీసు ఎదుట దస్తావేజు లేఖరి గది మాత్రం ఖాళీ కాలేదు. యంత్రం లోపలి పనిని మార్చింది గాని, దాని భాష తెలియని మనిషి బయట మునుపటిలాగే మధ్యవర్తి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

2001లో హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది పశ్చిమగోదావరి జిల్లాలో ఆ పద్ధతి మండలాలకు వచ్చింది. ఇక్కడి ప్రత్యేకత ఏమంటే ఆ కేంద్రాల నిర్వహణను డ్వాక్రా మహిళా సంఘాలకు అప్పగించారు. కరెంటు బిల్లు కట్టడం, ధ్రువపత్రాలు తీసుకోవడం, ఫిర్యాదు నమోదు చేయడం అక్కడ జరిగేవి. పొదుపు సంఘంలో వేలిముద్ర నుంచి సంతకం దాకా వచ్చిన ఆడవాళ్ల వర్గం నుంచే కొందరు కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఒకనాడు కవిలెకట్ట ఛాయలకు కూడా రానివ్వని మనుషులు ఊరి కాగితాన్ని చేతిలోకి తీసుకున్నారన్నమాట. ఈ చిన్న మార్పులోని చారిత్రక ప్రాధాన్యాన్ని మన సాహిత్యం పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు.

తరవాత 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థను తూర్పుగోదావరి జిల్లా కరప గ్రామంలోనే ప్రారంభించారు. 2025 జనవరిలో వాట్సాప్ ద్వారానే 161 సేవలు అందించే ఏర్పాటు మొదలయింది. ఆఫీసు ఊళ్లోకి వచ్చింది, ఊళ్లోంచి జేబులోకి వచ్చింది. తిరుగుడు తగ్గిందన్నది కాదనలేని మేలు. ఒకరోజు కూలి పోగొట్టుకోకుండా సర్టిఫికెట్టు చేతికొస్తే ఆ కూలి విలువ కూలివాడికే తెలుస్తుంది.

5. తెర మీద లేని మనిషి

ఇక అసలు చిక్కుకు వద్దాం. డెల్టాలో సాగులో పెద్ద భాగం కౌలుదారులది. ఆ కౌలు చాలావరకు నోటిమాట మీద నడుస్తుంది. కాగితం రాస్తే 1956 నాటి కౌలుదారీ చట్టం కింద హక్కు పుడుతుందేమోనని యజమాని భయం. రాయమంటే వచ్చే ఏడు చేను దక్కదేమోనని కౌలుదారు భయం. ఈ రెండు భయాల మధ్య పొలం దున్నే మనిషి పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. కవిలెకట్టలో లేనిది కంప్యూటరులోకి ఎలా వస్తుంది? 2015లో మీభూమి పేరుతో భూమి రికార్డులను అందరూ చూసుకునే వీలు కలిగింది. ఎవరి పొలం వారు చూసుకున్నారు. పొలం లేనివాడు తన లేమిని మాత్రం స్పష్టంగా చూసుకున్నాడు.

నా తరగతిలో కౌలురైతుల పిల్లలున్నారు. ఒక పిల్లవాడి తండ్రి నన్నడిగాడు: ‘‘మాస్టారండీ, పదేళ్లబట్టి ఆ చేను నేనే గదండీ దున్నేది? ఆ కంప్యూటర్లో నా పేరెందుకు రాదండీ?’’ ఆ ప్రశ్నకు కంప్యూటరు శాస్త్రంలో జవాబు లేదు. అది భూసంబంధాల ప్రశ్న.

2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక సార్వా పంట విరామం ప్రకటించారు. అదే ఏడు కౌలుదారులకు రుణార్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఇవి రెండూ ఒక అడుగు ముందుకే. కాని 2019 చట్టం కింద కార్డు రావాలంటే యజమాని అంగీకారం కావాలి. యంత్రంలో కౌలుదారు పేరు రాసే గడి ఏర్పడింది. ఆ గడి తలుపు తాళం మాత్రం యజమాని దగ్గరే ఉంది. పంట నష్టపరిహారం, విత్తన రాయితీ, బ్యాంకు అప్పు ఆ గడిని చూసే కదులుతాయి. పద్దు నిదానంగా నడిచిన రోజుల్లో కౌలుదారు నిదానంగా నష్టపోయాడు. వేగం పెరిగాక నష్టమూ వేగంగానే జరుగుతుంది.

ధర తెలిస్తే రైతు బాగుపడతాడన్న వాదాన్నీ పరీక్షించాలి. కేరళ ఉత్తర తీరంలో 1997-2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాక మత్స్యకారులు ఏ రేవులో చేపకు ధర ఉందో సముద్రం మీదనుంచే కనుక్కుని అటు పడవ తిప్పారనీ, దానివల్ల చేప పారబోయడం తగ్గిందనీ రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన పరిశోధన నిరూపించింది. ఇది సత్యం. అక్కడ ఫోనుతో పాటు పడవ తిప్పే స్వేచ్ఛ కూడా మత్స్యకారుడికి ఉంది. పెట్టుబడికి అప్పిచ్చిన ధాన్యం వ్యాపారికే గింజలు కొలవాల్సిన కౌలురైతుకు పక్క ఊరి ధర తెలిసి ప్రయోజనం ఏమిటి?

2012లో ఆధార్ వేలిముద్రతో రేషను ఇచ్చే ప్రయోగం కూడా తూర్పుగోదావరిలో జరిగింది. దొంగ కార్డులను అరికట్టడం దాని ఉద్దేశం. మంచిదే. కాని ఊడ్పుల్లో, ఇటుకబట్టీల్లో గీతలు అరిగిన వేళ్లను యంత్రం గుర్తించనప్పుడు, తానే తానని నిరూపించుకోవలసిన భారం ఆ వేళ్లదే అయింది. పని చేయడమే గుర్తింపు పోవడానికి కారణం కావడం కంటే విషాదం ఉందా?

6. మాచనూరు గొంతు

డెల్టాలో దొరకని ఉదాహరణ కోసం నీళ్లు లేని నేలకు వెళ్లాలి. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ మాటను అక్షరాలా తీసుకున్నది ఉమ్మడి మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని దళిత మహిళా రైతులు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో మాచనూరు గ్రామంలో వారు సంఘం రేడియో నెలకొల్పారు. లైసెన్సు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాక 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలయ్యాయి. జొన్న, సజ్జ, పప్పుధాన్యాల విత్తనాల గురించి, పశువుల జబ్బుల గురించి, పాటల గురించి తమ యాసలో తామే మాట్లాడారు.

విజయవాడ రేడియో రైతుకు చెప్పింది. సంఘం రేడియోలో రైతే చెప్పింది. సాంకేతికంగా ఆ కేంద్రం చిన్నది, కొద్దిపాటి దూరమే వినిపిస్తుంది. కాని నేను మొదట ప్రస్తావించిన ఆజ్ఞ, అర్జీల పద్ధతి అక్కడ తెగింది. మన బుర్రకథలో కథకుడు ఒక్కడే చెప్పుకుపోడు. పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు అడుగుతారు, మరొకరు వెక్కిరిస్తారు. అందుకే అది జనం కళ అయింది. అభివృద్ధి పేరిట మనకు వచ్చిన సమాచార సాధనాల్లో ఎక్కువ భాగం వంతలు లేని కథలు. సమాజ రేడియోలకు సైతం సొంతంగా వార్తలు చెప్పే అనుమతి ఇవ్వలేదన్నది గమనించాలి. విత్తనం గురించి మాట్లాడవచ్చు, విత్తనం ధర పెంచినవాడి వార్త చెప్పకూడదన్నమాట.

7. రచయితల పని

కౌంటరు దగ్గర వినిపించే మాటల్ని ఒకసారి వినండి. జమీందారు పోయాడు. కౌలుదారు ఉన్నాడు, పద్దులో లేడు. అర్జీదారు ఉన్నాడు. కొత్తగా లబ్ధిదారు వచ్చాడు. పారశీకం నుంచి వచ్చిన ‘దారు’ అన్న ప్రత్యయానికి కలిగి ఉన్నవాడని అర్థం. ఇందులో హక్కుదారు అన్న మాట ఎంత అరుదుగా వినిపిస్తున్నదో లెక్కపెట్టండి. లబ్ధిదారుకు ఎవరో ఇస్తారు. హక్కుదారు అడిగి తీసుకుంటాడు. సచివాలయం తెర మీద మనిషి ఏ పేరుతో నమోదవుతున్నాడన్నది భాషాశాస్త్ర విద్యార్థికీ రాజకీయ విద్యార్థికీ సమానంగా పట్టవలసిన విషయం.

కరణం మీద వచ్చినంత సాహిత్యం ఈ తెర మీద ఇంకా రాలేదు. సర్వర్ పనిచేయడం లేదన్న మాట విని వెనక్కి మళ్లిన ముసలమ్మ, వేలు ఆనించి ఆనించి విసిగిన కూలీ, ఈ-సేవలో తొలిసారి మీట నొక్కిన సంఘం సభ్యురాలు మన కథల్లోకి రావాలి. యువ పరిశోధకులు తమ ఊరి సచివాలయంలో దరఖాస్తు ఫారాల తెలుగును సేకరించి, దున్నేవాడికి అది ఎంత అర్థమవుతుందో పరీక్షించాలి. సాగుదారుల జాబితాను గ్రామసభలో గట్టిగా చదివించమని అడగాలి. చదివేటప్పుడు ఏ పేరు వినిపించలేదో రాసిపెట్టాలి. 1874లో రాజమండ్రిలో ఒక బడిపంతులు చేసిన పని కూడా దాదాపు ఇలాంటిదే.